పూత అక్కర్లేని రేజర్

పూత మాస్టారికి సంతానం ఇద్దరని ఇంట్లో హాస్యమాడేవారు. మొదటిది క్రోమ్ పూత వేసే తొట్టి, రెండోది కూతురు. ముప్పై ఏళ్ళుగా ఆయన వర్క్‌షాపులోకి కుళాయిలు, తలుపు పిడులు, సైకిల్ బెల్లులు, గడ్డం గీసుకునే రేజర్లు వెలవెలబోతూ వెళ్ళి, ముఖం చూసుకునేంత నిగనిగలాడుతూ బయటికి వచ్చేవి. పూత అక్కర్లేని వస్తువంటూ ఈ లోకంలో లేదన్నది ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి కనుక దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు.

పోయింది కూతురే. రెండు వీధుల అవతల, లోహాన్ని తిప్పి చెక్కే ఒక లేతు మిషను షాపులో ఆమె తొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. రోజంతా బోల్టులే. ఎడమచేత్తో కూడా చేయగలిగినంతగా వచ్చేసిన పని, అంతే విసుగు పుట్టిన పని. ఆర్నెల్లపాటు సెలవు రోజులన్నీ ధారపోసి, మిగిలిపోయిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీల్లోంచి ఆమె ఒక రేజర్ చెక్కింది. మూడే ముక్కలు. పైన మూత, బ్లేడు కూర్చునే పీట, కింద పిడి. మొదటి రెండింటినీ పిడికున్న మర బిగించి పట్టుకుంటుంది.

"గడ్డం లేనిదానివి, నీకెందుకమ్మడూ ఈ గొడవ?" అన్నాడు తండ్రి, దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూస్తూ.

"చెప్పులు కుట్టేవాళ్ళంతా వాళ్ళు కుట్టిన ప్రతి జతా తొడుక్కుంటున్నారా నాన్నా?"

"అబ్బో, మాటలకేం తక్కువ లేదు. ఇంత మసగ్గా ఉందేమిటిది?"

"లేతు గీతలు కనబడాలనే వదిలేశాను. తడి చేతిలో జారదు."

ఆయన పెదవి విరిచాడు. వెలిసిపోయిన చొక్కా వేసుకుని పెళ్ళికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు దానివైపు.

ఆమెకు కావలసింది నిజానికి తండ్రి మెచ్చుకోలు ఒక్కటే కాదు. షాపు యజమాని మాట ఇచ్చాడు, పాతిక రేజర్లకు ఆర్డరు తెస్తే మూలనున్న చిన్న లేతు ఆమెకే వదిలేస్తానని. రెండు నెలల్లో తేకపోతే దాని మీద పైపు జాయింట్ల పని ఎక్కిస్తాడు. ఇక ఆమెకు మళ్ళీ బోల్టులే గతి. ఆర్డరు ఇవ్వగలిగినవాడు ఒక్కడే, క్షవరం సామాన్ల షాపు నడిపే బాబాయి. రక్తసంబంధం కాదు. తండ్రికి ముప్పై ఏళ్ళ స్నేహితుడు, వరసలు కలిపేసుకున్నవాడు. పూత లేచిపోయిన పాత రేజర్లను సంచీల్లో మోసుకొచ్చేదీ ఆయనే.

బాబాయి వ్యాపారి. కాకిపిల్ల కాకికి ముద్దని నవ్వి, అసలు సంగతి ముక్కుసూటిగా చెప్పాడు. "మామూలు దానికి మూడింతల ధర చెప్తున్నావు తల్లీ. మీ నాన్నచేత నెల రోజులు గీయించు. మొండితనంలో ఆయన తర్వాత ఆయన గడ్డానిదే స్థానం. ఆయన ఔనంటే పాతిక తీసుకుంటాను. కాదంటే ఏమీ అనుకోకు."

"అనుకోను బాబాయ్, ఔననే అంటారు," అంది ఆమె. గొప్పకి అన్న మాట కాదు. బ్లేడుకీ పీటకీ మధ్య సందుని ఆమె పదిహేడుసార్లు మార్చి చూసింది. అది ఎక్కడ కుదిరిందో ఆమెకు తెలుసు.

నెల గడిచింది. రోజూ పొద్దున్నే తండ్రి వరండాలో అద్దం ముందు కూర్చుని గీసుకునేవాడు. ఎలా ఉందని అడిగితే "ఊఁ" అనేవాడు. బాబాయి రావలసిన రోజుకి ముందురోజు మధ్యాహ్నం మాత్రం, "శుభ్రం చేసి తెస్తా" అంటూ రేజర్‌ని జేబులో వేసుకుని వర్క్‌షాపుకి వెళ్ళాడు. తల్లి అది చూసింది కానీ, ఆయన శుభ్రం చేస్తాననడమే వింత కనుక అడ్డు చెప్పలేదు.

మర్నాడు పొద్దున బాబాయి వచ్చేసరికి మాస్టారు అద్దం, నురగ, నీళ్ళ మగ్గు అన్నీ సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. బాబాయి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. కూతురు గడప దగ్గర నిలబడింది. మాస్టారు మర బిగించబోతే అది సగంలో పట్టేసింది. పళ్ళు బిగబట్టి తిప్పాడు. కుడి చెంప మీద పై నుంచి కిందికి ఒక్క లాగు లాగేసరికి తెల్లటి నురగలో ఎర్రగా గీత పడింది.

"అయ్యో," అంటూ తల్లి పటిక ముక్క పట్టుకొచ్చింది. "ఇన్నాళ్ళూ బాగానే గీసిందిగా, ఇవాళేం పుట్టింది దీనికి?"

బాబాయి గడపవైపు చూడకుండా కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ పిల్లంటే ఆయనకు ప్రేమే. "నువ్వు నోరు విప్పనక్కర్లేదన్నయ్యా, నీ చెంపే చెప్పేసింది," అంటూ లేవబోయాడు.

చిన్న లేతు, దాని నల్లటి చక్రం, పక్కనున్న కిటికీ, అన్నీ ఒక్కసారి కూతురి కళ్ళముందు మెదిలి దూరమయ్యాయి. కానీ అది ఒక్క క్షణమే. తప్పు తన పనిలో లేదని ఆమె చేతులకు తెలుసు. "ఐదు నిమిషాలు కూర్చోండి బాబాయ్. నాన్నా, అదిలా ఇవ్వండి," అంది.

చేతిలోకి రాగానే అర్థమైపోయింది. రేజర్ మెరుస్తోంది. తను చేసినప్పుడు అది మెరవలేదు. పాత వార్తాపత్రిక పరిచి, బిగుసుకున్న మరను గుడ్డతో పట్టి విప్పి, మూడు ముక్కలనూ విడదీసింది. బ్లేడు కూర్చునేచోట పీట మీద ఒక పక్క చిన్న పొక్కు లేచి ఉంది. బ్లేడు ఒక అంచున పైకి తేలి, వంకరగా కూర్చున్నది అందుకే. గోటితో గీరితే ఆ పొక్కు పొలుసులా ఊడి కాగితం మీద పడింది.

ఇప్పుడొక్క మాట చెబితే చాలు, ఆర్డరు వస్తుంది. కానీ అదే మాటతో ముప్పై ఏళ్ళుగా తన సరుకంతా తండ్రి తొట్టికే పంపుతున్న మనిషి ముందు తండ్రి పరువు పోతుంది. ఆమెకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. తండ్రివైపు చూసింది.

కుడి చెంప మీద ఒక్క గీతతో, మిగతా ముఖమంతా నురగతో, గాటు మీద పటిక తెలుపుతో మాస్టారు కాగితం మీది పొలుసువైపు చూశాడు. ఆడలేక మద్దెల ఓడనే మనుషులను ఆయన జీవితమంతా ఎద్దేవా చేస్తూనే వచ్చాడు. ఇవాళ తన వంతు వచ్చింది.

"కూర్చోవోయ్ తమ్ముడూ," అన్నాడు చివరికి. "నెల రోజులు గీశాను. ఒక్క గాటు పడితే ఒట్టు. నిన్న నేనే దీన్ని తొట్టిలో ముంచాను."

"స్టీలునా? స్టీలుకి మన పూత పట్టదురా అని నువ్వే కదా మీ పనివాళ్ళను తిడతావు?"

"తిడతాను. వందసార్లు తిట్టాను. ఏం చెయ్యను మరి, నువ్వు చూడ్డానికొస్తున్నావు. పిల్ల చేసిన మొదటి వస్తువు. మసిబారిన గరిటెలా కనబడితే నాకే చిన్నతనమనిపించింది. నా చెయ్యి పడితే పట్టకపోతుందా అనుకున్నాను." ఆయన కూతురివైపు చూడలేదు. "పట్టలేదు. లోపం నా పూతలో ఉంది, దాని పనిలో లేదు."

బాబాయి కుర్చీలో వెనక్కి వాలాడు. ఇప్పుడాయన చూపు పూర్తిగా వ్యాపారిది. "సరే తల్లీ, ఒక్కటి చెప్పు. స్టీలైతే గడ్డం మరింత నున్నగా గీస్తుందా?"

"స్టీలు గీయదు బాబాయ్, బ్లేడు గీస్తుంది. సందు సరిగ్గా కుదిరితే మీ మామూలు రేజరూ ఇంత బాగానే గీస్తుంది. కాదని చెప్పి నేను అమ్మను."

"మరి మూడింతలెందుకివ్వాలి?"

"మీ షాపుకి తిరిగొచ్చే రేజర్లు ఎందుకొస్తాయి?"

"మర తెగి. కొన్ని పూత లేచి, కింద గుల్లయిపోయి. పైన పటారం, లోన లొటారం."

"ఇది రాదు. పైనున్నదే లోపలా ఉంది. ఒక్కటి కొని ఇక ఆ ఊసే మర్చిపోదామనేవాడికి ఇది చవక. ఏడాదికో కొత్త రకం కావాలనేవాడికి దండగ. వాడికి మామూలుదే అమ్మండి, మనకి తిట్లు తప్పుతాయి."

బాబాయి నవ్వాడు. ముప్పై ఏళ్ళలో తన షాపులో కూడా ఇంత తిన్నగా సరుకు గురించి చెప్పినవాడు లేడని ఆయనకు తోచింది.

మాస్టారు లేచి, తన పనిముట్ల సంచీలోంచి ఇత్తడి బ్రష్షు తీశాడు. కూతురు అందుకోబోతే ఇవ్వలేదు. కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, తన పూతను తనే తోమాడు. పొలుసులు పొలుసులుగా ఊడి, నీళ్ళతో పాటు తూములోకి పోయింది. మరలో ఇరుక్కున్నదాన్ని సూదితో గీకి తీశాడు. కింద స్టీలు ఆ మొదటి రోజు ఎలా ఉందో అలాగే, లేతు గీతలతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. ఆయన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ళలో తన అవసరం లేని వస్తువు చేతికి రావడం ఆయనకిదే మొదటిసారి. బాధగానే ఉంది. ఆ బాధ వెనకాలే, ఛాతీ నిండా, ఏనాడూ ఎరగనంత గర్వంగానూ ఉంది.

కొత్త బ్లేడు పెట్టాడు. మర వేళ్ళతోనే బిగిసింది. మళ్ళీ నురగ పూసి ఎడమ చెంప మొత్తం గీశాడు. బాబాయి లేచి వచ్చి ఆ చెంపని బొటనవేలితో కిందినుంచి పైకి నిమిరి చూశాడు.

"పాతిక," అన్నాడు. "ముందు అరలో పెట్టడానికి ఈ నమూనా ఇవ్వు."

"అది మాత్రం కుదరదు," మాస్టారు రేజర్ కడిగి, తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నాది."

"సొంత కూతురి పనికి కూడా మెరుగు పెడితేగానీ ఉండలేవనుకున్నాను," బాబాయి వేళాకోళమాడాడు. "ఇలాగే మసగ్గా వాడుకుంటావా?"

మాస్టారు గాటు మీద పటిక మరోసారి అద్దుకున్నాడు. ఈసారి కూతురి ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"ఇలాగే. ఎవరడిగినా చెప్తాను, ఇది నా కూతురు చేసింది, ఇందులో నా చెయ్యి ఏమీ లేదని."