తొమ్మిది సెకన్ల తర్వాత

తొమ్మిదంటే తొమ్మిదే సెకన్ల ఆడియో ముక్క, ఊరంతా దానికే ఊగిపోతోంది, జీప్నీ బండి డ్రైవరు కూడా అదే పెట్టాడు, అదిగో దరువు, దరువు కలిపింది కూడా ఈ బండిలోనే కూర్చున్న రోవెలాయే, ఆ వెనకే మేయరు పదవికి పోటీ చేస్తున్న లియోనిలా టీచరమ్మ గొంతు, జాలరి పిల్లలకి హైస్కూలెందుకు, వల విసరడం వస్తే చాలదూ, మళ్లీ దరువు, మళ్లీ చాలదూ, ఎదురు బెంచీ మీద కుర్రాళ్లు పడీపడీ నవ్వుతున్నారు, రోవెలాకి ఒళ్లు పులకరించింది, నిన్న పొద్దున రేడియో స్టేషన్లో తను కత్తిరించిన ముక్క, ఇవాళ్టికి ఇల్లిల్లూ పాకింది, ఎన్నిక ఎల్లుండే, ఒక్క దెబ్బకి టీచరమ్మని పడగొట్టేశావే పిల్లా అని, ఆవిడకి పోటీగా మళ్లీ నిలబడ్డ మేయరుగారి మనిషి ఫోన్లో ఒకటే పొగడ్త, ఇరవై ఆరేళ్లకే ఇంత పేరు ఎవరికొస్తుంది, కాస్త జరగమ్మా అంటూ పాసింగక్క ఎండుచేపల గంపతో ఎక్కి పక్కనే కూలబడింది, విన్నావా దాని కూతలు, ఆవిడకే ఓటేద్దామనుకున్నా, మా చిన్నదాన్ని బళ్లో వేసింది ఆవిడే, కడుపులో ఇంత విషం ఉందని ఎవరికి తెలుసు, అవునక్కా అంది రోవెలా, నవ్వుతూనే అంది.

చాలదూ, అలా సాగదీసి అనేది నాన్న కదూ, వాకిట్లో వల కుట్టుకుంటూ, గుమ్మంలో తడిసిన గొడుగుతో టీచరమ్మ, మీ పిల్లకి లెక్కలు ఎంత బాగా వచ్చో తెలుసా అని ఆవిడ అంటున్నా, నాన్న తలెత్తకుండా అదే మాట, మూడుసార్లు వచ్చిందావిడ, మూడోసారి యూనిఫాం పట్టుకుని మరీ, మొన్న సభలో చెప్పింది ఆ సంగతే, ఒక తండ్రి నాతో ఇలా అన్నాడు అని మొదలుపెట్టింది, ఆ మొదలు రోవెలా కోసేసింది, చివర తొందరలో వినలేదు, వినలేదా, విన్నది, టీచరమ్మ చివరి మాటలు చెవులారా విన్నది, ఆ పిల్ల ఇవాళ రేడియోలో పనిచేస్తోంది, ఆమె గొంతు వినబడితే నేను చేస్తున్న పని ఆపేసి వింటాను, సరిగ్గా ఆ మాటలకి ముందే కత్తెర పడింది, కోసి పారేసింది టీచరమ్మ మాటని కాదు, తననే, దరువు మళ్లీ మొదలైంది, ఉద్యోగం పోతే పోనీ, అక్కా, అంది రోవెలా జీప్నీ అంతా వినబడేలా, ఆ మాట టీచరమ్మది కాదు, మా నాన్నది.