కాళ్ళ వైపు పిడి

నేను ఒక ఫ్రీజరు పెట్టెను. పాలూ కూరలూ దాచుకునేది కాదు. మనిషి పోయాక, దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా ఆ మనిషిని పడుకోబెట్టే పెట్టెను. పైన అద్దం మూత, లోపల స్టీలు పళ్ళెం, అడుగున మోటారు, నాలుగు మూలలా ఇనుప పిడులు. నా పేరు ఎత్తడానికి జనం ఇష్టపడరు. "అది తెప్పించారా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. అది అంటే నేనే.

నన్ను కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో చేశారు. వెల్డింగు చేసిన మనిషి చివర్లో నా అంచులన్నీ అరచేత్తో తడిమి, గరుకు తగిలిన చోటల్లా ఆకురాయితో నున్నగా రుద్దాడు. పక్కవాడు నవ్వాడు, లోపల పడుకునేవాడికి గీసుకుంటే మాత్రం తెలుస్తుందా అని. "మోసేవాడికి తెలుస్తుంది" అన్నాడతను. మనుషుల నోటి నుంచి నేను విన్న మొదటి మంచి మాట అది. ఆ తరువాత అలాంటివి ఎక్కువ వినలేదు.

లారీ ఎక్కి గోదావరి కాలువ పక్కనున్న ఒక చిన్న పట్నానికి వచ్చాను. అక్కడ అమృతహస్తం సేవా సమితి అని ఒకటి ఉంది. దాని అధ్యక్షుడు రంగనాయకులు గారు, సొంత కళ్యాణమండపం ఉన్న మనిషి. నన్ను కొని సమితికి ఇచ్చింది ఆయనే. కాదనను. ఇచ్చిన రోజే నా కాళ్ళ వైపు పలక నిండా ఆయన ఫొటో అంటించారు. రెండు చేతులూ జోడించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో. నా ముందు కొబ్బరికాయ కొట్టారు. రిబ్బను కత్తిరించారు. అందరూ చప్పట్లు కొట్టారు. దేనికి కొడుతున్నారో ఒక్కరూ ఆలోచించినట్టు లేదు.

ఇళ్ళకు నన్ను చేర్చింది మాత్రం వేరే మనుషులు. బట్టల కొట్టు గుమస్తా జోగయ్య, ట్రాలీ ఆటో నడిపే కరీముల్లా, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఏసుపాదం, వాళ్ళతో పాటు ఆ రోజుకు తీరిక దొరికిన ఎవరో ఒకరు. వీళ్ళకు సమితి జీతం ఇవ్వదు. ఫోను వస్తే కొట్టులో గజం బద్ద కింద పెట్టి, చెప్పులు వేసుకుని జోగయ్య బయలుదేరేవాడు. యజమాని గొణిగేవాడు. జోగయ్య వినబడనట్టు వెళ్ళిపోయేవాడు.

నన్ను మెట్ల మీదుగా ఎక్కించేటప్పుడు బరువంతా కిందివాడి మీదికి జారుతుంది. తల వైపు ముందు పోతుంది, కాళ్ళ వైపు కిందికి ఉంటుంది. ఆ కాళ్ళ వైపు ఎడమ పిడి ఎప్పుడూ జోగయ్యదే. ఎవరూ కేటాయించలేదు. ఇంకెవరైనా పట్టుకోబోతే, "నువ్వు పైకెళ్ళరా అబ్బాయ్, నాకిక్కడ అలవాటు" అనేవాడు. ఇనుము అరచేతిని కోయకుండా కొట్టులో మిగిలిన నీలం గళ్ళ చొక్కాగుడ్డ పేలిక ఒకటి తెచ్చి ఆ పిడికి గట్టిగా చుట్టాడు. మాసిపోతే ఇంటికి తీసుకుపోయి, ఉతికి తెచ్చి మళ్ళీ చుట్టేవాడు.

ఇంకో పని కూడా చేసేవాడు. ఇంట్లో నన్ను దించి, మోటారు పెట్టి, నీళ్ళు కారే గొట్టం కింద బకెట్టు ఉంచాక, తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి నా కాళ్ళ వైపు పలక మీద పరిచేవాడు. ఏడుస్తున్నవాళ్ళకు ఆ నవ్వే ముఖం కనబడకూడదని. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఒక ఇంటివాళ్ళు తీసుకున్న ఫొటో అటూ ఇటూ తిరిగి రంగనాయకులు గారి సెల్‌ఫోనులోకి వచ్చింది. జోగయ్యను పిలిపించారు. నేను ఆ పక్కనే, మండపం వెనక షెడ్డులో ఉన్నాను.

"ఏవయ్యా జోగయ్యా, నా మొహం అంత చూడలేకుండా ఉందా? గుడ్డ కప్పేశావు!"

"అబ్బే, అది కాదండి. వాళ్ళు ఏడుస్తుంటారు కదండి..."

"ఏడిస్తే? ఇచ్చిందెవరో తెలియొద్దా? లక్షలు పోసి కొన్నది తువ్వాళ్ళు ఆరేసుకోడానికా?"

"అలాగేనండి" అన్నాడు జోగయ్య.

మరుసటి ఇంట్లో కూడా తువ్వాలు పరిచాడు.

సమితి వార్షికోత్సవం మే నెలలో వచ్చింది. సమితి చేసిన సేవలన్నీ వేదిక మీద చూపించాలని రంగనాయకులు గారికి తోచింది. చక్రాల కుర్చీలు ఒక పక్క, కుట్టుమిషన్లు ఒక పక్క, నట్టనడుమ నేను. చుట్టూ రంగుల బల్బుల దండ. ఆ ముందురోజు సాయంత్రం నన్ను వేదిక ఎక్కించింది జోగయ్య బృందమే. మెట్లు ఇరుకు. కిందనున్న జోగయ్య మధ్యలో ఒకసారి ఆగి, గోడకు ఆనుకున్నాడు.

"ఏమైంది బాబాయ్?" అన్నాడు కరీముల్లా పైనుంచి.

"ఏమీ లేదురా. ఖాళీ పెట్టె ఇంత బరువేంటా అని చూస్తన్నా."

అందరూ నవ్వారు. నన్ను దించాక పిడికి చుట్టిన పేలిక వదులైతే బిగించి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే కరీముల్లా వేదిక మీదికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికి నా లోపల అతిథుల కోసం తెప్పించిన పూలదండలు, కూల్‌డ్రింకు సీసాలు సర్ది ఉన్నాయి. మోటారు ఎలాగూ పెట్టాం కదా, వాడుకుంటే తప్పేముంది అన్నారు ఎవరో.

"సార్, పెట్టె కావాలండి. జోగయ్య గారు పోయారండి. తెల్లారగట్ట గుండె నొప్పి వచ్చిందంట."

"అయ్యయ్యో! మన జోగయ్యా? నిన్న ఇక్కడే ఉన్నాడు కదయ్యా!" రంగనాయకులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "ఎంత పని జరిగింది. సరే, ముఖ్య అతిథి గారు పదకొండింటికి వచ్చేస్తారు. ఆయన చూసి వెళ్ళగానే తీసుకుపొండి."

"ఎండ చూశారా అండి! వాళ్ళమ్మాయి నీరజ నాగపూర్‌లో నర్సండి, బయలుదేరింది. రేపు పొద్దున్న గాని రాదు. ఒక్కతే కూతురండి."

"రేపు కదా వచ్చేది? మరి ఇప్పుడే కంగారెందుకు? నడిమధ్య ఇది తీసేస్తే స్టేజీ బోసిపోద్దయ్యా. ఇంతా చేసి ఫొటోల్లో ఏం పడుద్ది, నీ మొహమా?"

ఏసుపాదం కుర్చీలు వేస్తున్నవాడల్లా ఆగి, ఛాతీ మీద గుచ్చిన 'వాలంటీరు' బ్యాడ్జీ పీకి నా అద్దం మీద పెట్టాడు. "పద బాబూ, ఐసు చూద్దాం" అన్నాడు. కరీముల్లా కూడా తనది పెట్టాడు. మంచినీళ్ళు పంచే అమ్మాయిలు, వంటల దగ్గర ఉన్నవాళ్ళు, మైకు దగ్గర వైర్లు చుట్టుకుంటున్న కుర్రాడు ఒకరి తరవాత ఒకరు వచ్చి పెట్టి వెళ్ళారు. ఎవరూ గొంతు పెంచలేదు. నా అద్దం మీద గుండుసూదులు గీసుకున్న చప్పుడు మాత్రం విన్నాను.

అతిథి గారు మూడింటికి వచ్చారు. ఆ తరువాత నేను చూసినది తలచుకుంటే ఇప్పటికీ నా పళ్ళెం తుప్పు పట్టినట్టుంటుంది. మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు లేరు. మైకు కూతపెడితే ఆపేవాళ్ళు లేరు. విస్తళ్ళ కోసం పెద్దమనుషులు ఒకరినొకరు నెట్టుకున్నారు. పప్పు గంగాళం దించడం రాక సగం నేలపాలు చేశారు. ఆ గోలలోనే రంగనాయకులు గారు మైకు ముందుకు వచ్చి, "వాలంటీర్లే మా సమితికి వెన్నెముక" అని చదివారు. జోగయ్య పేరు చెప్పి, ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. ఆ నిమిషం పూర్తికాకుండానే ఎవరి జేబులోనో పాట మోగింది. అతిథి గారు గడియారం చూసుకున్నారు. నా మూత తీసి, నాలోంచి ఒక దండ తీసి, ఆయన మెడలో వేశారు. చల్లగా హాయిగా ఉందని ఆయన మెచ్చుకున్నారు.

పొద్దు వాలాక రంగనాయకులు గారికి నన్ను జోగయ్య ఇంటికి పంపాలనిపించింది. ఫొటోగ్రాఫరును కూడా రమ్మన్నారు. కానీ నన్ను వేదిక మీంచి దించేవాళ్ళేరి? ఆయన బావమరుదులు నలుగురు పట్టుకున్నారు. కింది పిడి నువ్వు పట్టమంటే నువ్వు పట్టమని వాదించుకున్నారు. మెట్టు తప్పి నన్ను వదిలేశారు. నా చక్రం ఒకటి విరిగింది. చివరికి మార్కెట్టు హమాలీలను పిలిపించి కూలి మాట్లాడుకున్నారు.

కాలువ గట్టు వీధిలో జోగయ్య ఇల్లు ఒక గది, ఒక వసారా. నన్ను గుమ్మం ముందు దించారు. తెరిచిన తలుపులోంచి లోపల కనబడింది. మంచం మీద రంపపుపొట్టు, దాని మీద ఐసు దిమ్మలు, వాటి మీద గోనెపట్టాలు, ఆ పైన తెల్ల దుప్పటి కింద జోగయ్య. కరిగిన నీళ్ళు ఏసుపాదం తపేలాతో ఎత్తి బయట పోస్తున్నాడు. చేపల మార్కెట్టు ఆడవాళ్ళు ఇద్దరు విసురుతున్నారు. కరీముల్లా బండి నుంచి ఇంకో దిమ్మ భుజాన మోసుకొస్తున్నాడు. పొద్దున్నుంచీ అదే పనట.

ఫొటోగ్రాఫరు సర్దుకున్నాడు. రంగనాయకులు గారు నా పక్కన నిలబడి ముఖం దించుకున్నారు. జోగయ్య భార్య మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. నా కాళ్ళ వైపు పలక మీద నవ్వుతున్న ముఖాన్ని చూసింది. ఆ రోజు దాన్ని కప్పేవాళ్ళు లేరు.

"వద్దు బాబూ, తీసుకెళ్ళిపోండి."

"అదేంటమ్మా, జోగయ్య కోసమని..."

"ఆయన దాన్ని మోసింది చాల్లెండి" అంది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

నీరజ మర్నాడు పొద్దున రైలు దిగి వచ్చిందని, గుమ్మం దాటకుండానే "మొహం బాగానే ఉందా బాబాయ్?" అని ఏసుపాదాన్ని అడిగిందని కరీముల్లా తరువాత చెప్పగా విన్నాను. బాగానే ఉంది. ఏమీ మారలేదు. తండ్రి చెంప మీద చెయ్యి వేసి, "చల్లగా ఉన్నారు" అందట. తరువాత ఏసుపాదం తడి చేతులు పట్టుకుని కూర్చుందట.

ఆ తరువాత నా కోసం ఫోన్లు వస్తూనే ఉన్నాయి, మోసేవాళ్ళు రాలేదు. సమితికి పెట్టె ఉంది, బోర్డు ఉంది, లెటరుహెడ్డు ఉంది. కింది పిడి పట్టే చెయ్యి లేదు. నేను మండపం వెనక షెడ్డులోనే ఉండిపోయాను. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం నా మోటారు తిప్పి కూల్‌డ్రింకులు పెడతారు. వియ్యాలవారు తాగి, బాగా చల్లగా ఉన్నాయంటారు. ఎందులోంచి తీశారో వాళ్ళకు ఎవరూ చెప్పరు. నా మీది ఫొటో ఎండకు వెలిసి కళ్ళూ ముక్కూ పోయాయి. పళ్ళు మాత్రం మిగిలాయి.

మొన్న కరీముల్లా వచ్చాడు, ఏసుపాదం వెంట ఉన్నాడు. పక్క ఊరి ఆసుపత్రి తీసేసిన పాత పెట్టె ఒకటి వాళ్ళే బాగుచేయించుకున్నారట. ఊరివాళ్ళు పిలిస్తే వెళుతున్నారట. దాని మీద ఎవరి పేరూ లేదట.

"తాతగారిలాగుంది, కూతపెడతది గాని, పని చేస్తది" అని నవ్వాడు ఏసుపాదం.

కరీముల్లా నా ముందు గొంతుక్కూర్చున్నాడు. కాళ్ళ వైపు ఎడమ పిడికి ఉన్న నీలం గళ్ళ పేలిక ముడి మెల్లగా విప్పాడు. బిగుసుకుపోయి ఉంది, పళ్ళతో లాగాల్సి వచ్చింది. విప్పాక దులిపి, నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఉతకాలి" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. పేలిక ఉన్న చోట ఇనుము ఇంకా మెరుస్తూ ఉంది. మిగతా అంతా తుప్పే.