అతుక్కుపోయిన బటను

బర్ల్ హట్టోకి అల్లుణ్ణి పొగడటం చేతకాదు. చేతకాదంటే నమ్మకండి, ఇష్టం లేదు. పొగిడితే డ్రైవరు కాలు తేలికవుతుంది, తేలికైన కాలు మలుపులో పైకి లేస్తుంది, లేచిన కాలు రేసు పోగొడుతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం. దానికి తోడు ఆ కోల్బీ స్ట్రిక్లండ్ అనేవాడు ఆయన ఒక్కగానొక్క కూతురు తాన్యాని ఎగరేసుకుపోయి, సరిగ్గా పెళ్లినాడే మామగారి కొత్త బూట్ల మీద పళ్లరసం ఒలకబోశాడు. ఆ మరక ఇంకా పోలేదు. బూట్ల మీద పోయింది, మనసులో పోలేదు.

అయినా ఆదివారం ఆదివారం ఆ అల్లుడికి కళ్లు ఈ మామే. స్టాక్ కారనే ఆ రేసుబండిలో కూర్చున్నవాడికి ముందున్న బంపరు తప్ప లోకం కనపడదు. తల అటూ ఇటూ తిరగకుండా కట్లు కట్టేస్తారు. పక్కన ఎవడున్నాడో, ఎక్కడ సందుందో, జనం కూర్చునే స్టాండు కప్పు మీద నిలబడి రేడియోలో చెప్పేవాడే స్పాటర్. "లోపలొకడు, లోపలొకడు, దాటేశావ్, పైన ఖాళీ." ఇంతే మాటలు. ఈ మాటల్ని నమ్మి కోల్బీ గంటకి రెండొందల మైళ్ల వేగంతో స్టీరింగు తిప్పుతాడు. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు తక్కువైందన్నా మామ మాట నమ్మడు.

అలబామాలో ఆ పెద్ద ట్రాకు మీద ఆ రోజు ఎండ పెళపెళలాడుతోంది. కప్పు మీద స్పాటర్లంతా తీగ మీద పిట్టల్లా వరసగా నిలబడ్డారు. బర్ల్‌కి మాత్రం పొద్దుట్నుంచీ ముద్ద దిగలేదు. కారణం కోల్బీ నడిపే యాభై ఏడో నంబరు కారు యజమాని గ్రిగ్స్‌బీ. తెల్లారగానే గ్యారేజీ వెనక్కి పిలిచి చెవిలో వేశాడు.

"బర్ల్, ఇవాళ మీవాడు గెలవాల్సిందే. గెలవకపోతే వచ్చేవారం నుంచి ఆ సీట్లో వేరే కుర్రాడు కూర్చుంటాడు. కోల్బీకి మాత్రం చెప్పకు. తెలిస్తే చేతులు వణుకుతాయి."

ఆరేళ్లుగా తిరుగుతున్నా కోల్బీ ఒక్క రేసూ గెలవలేదు. సీటు పోతే అలాంటివాణ్ణి మళ్లీ పిలిచే నాథుడుండడు. బర్ల్ ఆ మాట భార్య నెల్డాకి కూడా చెప్పలేదు. ఆవిడకి చెబితే తాన్యాకి చెప్పినట్టే, తాన్యాకి చెబితే స్టాండంతా చాటింపు వేసినట్టే. సరే, ఆ చాటింపు చివరికి ఎవరు వేశారో మీరే చూద్దురుగాని.

ఇంకా కొన్ని రౌండ్లే మిగిలాయనగా నాలుగు కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని గడ్డి మీద బోర్లాపడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఎవరూ ఎవర్నీ దాటొద్దని పసుపు జెండా ఊపారు. మిగిలిన కార్లన్నీ వరసకట్టి పెళ్లి ఊరేగింపులా నెమ్మదిగా తిరుగుతున్నాయి. కోల్బీది తొమ్మిదో స్థానం. బర్ల్‌కి అప్పుడు గుర్తొచ్చింది ఆకలి. జేబులోంచి తేనెబన్ను తీశాడు. ఎండకి దాని పైపూత కరిగి పాకమైంది. రెండు ముద్దల్లో మింగి, ఆ జిగట వేళ్లతోనే రేడియో బటను నొక్కాడు.

"అల్లుడూ, తొమ్మిదో స్థానం. నిద్రపోకు."

వేలు తీశాడు. బటను మాత్రం పైకి లేవలేదు. పాకంలో అతుక్కుని అలాగే ఉండిపోయింది.

రేడియో తెలిసినవాడికి ఇంతకన్నా పెద్ద గండం ఉండదు. బటను నొక్కి ఉన్నంతసేపూ మన మాటే అందరికీ పోతుంది, ఎవరి మాటా మనకి రాదు. వినేది డ్రైవరొక్కడే అయితే పీడాపోయె. స్టాండుల్లో సగంమంది చెవులకి వినికిడి పెట్టెలు తగిలించుకుని కూర్చుంటారు, ఏ కారు మాటలు కావాలంటే ఆ కారువి వింటారు. నెల్డా చెవిలో ఒకటుంది. యజమాని గ్రిగ్స్‌బీ చెవిలో ఒకటుంది.

పాపం బర్ల్‌కి ఇదేమీ తెలీదు. అల్లుడు జవాబివ్వకపోతే, అలిగాడు కాబోలు వెధవ అనుకున్నాడు. పక్కనే నిలబడ్డ ఓడెల్ ప్రూయిట్ వైపు తిరిగాడు. ఓడెల్ పదకొండో నంబరు కారుకి స్పాటర్. ఇద్దరూ ఒకే కప్పు మీద ముసలివాళ్లయ్యారు.

"ఒరేయ్ ఓడెల్, ఒక్క సాయం చెయ్యరా. మీవాడు మావాడి వెనకే ఉన్నాడు. వెనకనుంచి తొయ్యమను. ఈ ట్రాకు మీద తోసేవాడు లేకపోతే దేవుడు కూడా గెలవడు, నీకు తెలుసుగా."

"మాకేంటి లాభం?" అన్నాడు ఓడెల్.

"లాభం సంగతి తర్వాత. ఇవాళ గెలవకపోతే మా పిల్లాడి సీటు ఊడిపోతుందిరా. వాడికి తెలీదు. చెప్పొద్దన్నాడు ఆ గ్రిగ్స్‌బీ."

కింద స్టాండులో "అయ్యయ్యో" అని వేలమంది ఒక్కసారే నిట్టూర్చారు. బర్ల్ తొంగిచూశాడు. ట్రాకు మీద ఏమీ జరగలేదు. ఓడెల్ మాత్రం ఒకసారి స్టాండు వైపు, ఒకసారి బర్ల్ చేతిలో రేడియో వైపు చూశాడు. మాట బయటికి పోతున్నట్టు ఎర్రదీపం వెలుగుతూ ఉంది. వాడికి విషయం అర్థమైపోయింది. మంచివాడైతే అక్కడే చెప్పేవాడు. కానీ ఓడెల్ సరదా మనిషి.

"అవునూ, ఆ గ్రిగ్స్‌బీ ఎలాంటివాడ్రా?" అని మెల్లగా అడిగాడు.

"వాడా? ఎండిపోయిన ముల్లంగికి టోపీ పెడితే వాడే. కార్ల గురించి మా ఆవిడ పెంచే కోడికి తెలిసినంత కూడా తెలీదు."

స్టాండు గొల్లుమంది. బర్ల్ మళ్లీ తొంగిచూశాడు.

"ఏంట్రా ఈ జనం? పసుపు జెండాకి నవ్వుతున్నారు?"

"ఎండ దెబ్బ. ఆ సంగతొదిలెయ్. మీ అల్లుడు అంత గొప్ప డ్రైవరేం కాదుగా, వాడికోసం ఇంత బతిమాలుకోవడమేంటి?"

బర్ల్‌కి ఒళ్లు మండిపోయింది. తను ఎన్నైనా తిట్టుకుంటాడు, అది ఇంటి విషయం. ఓడెల్ ఎవడు అనడానికి?

"నోర్ముయ్! ఈ కప్పు మీద నేను జుట్టు పోగొట్టుకున్నాను. ఎంతమందిని చూశాను! అలాంటి చేతులు ఒక్కడికీ లేవు. మూడు కార్లు వరసగా పోతుంటే మధ్యలో అరచెయ్యంత సందులోంచి దూరి బయటికొస్తాడు. గీత కూడా పడదు. ఏ యజమానీ మంచి ఇంజనివ్వలేదు కాబట్టి గెలవలేదుగానీ... నాకు కొడుకు లేడురా ఓడెల్. ఉంటే వీడిలాగే ఉండాలనుకునేవాణ్ణి. వాడితో అన్నావంటే చంపుతాను."

ఈసారి స్టాండులో చప్పుడే లేదు. ట్రాకు అవతలి వైపు యాభై ఏడో నంబరు కారు కాసేపు వరసలోంచి పక్కకి జరిగి, మళ్లీ వరసలోకి వచ్చింది.

"చూశావా, నిద్రపోతున్నాడు గాడిద!" అన్నాడు బర్ల్.

 ఓడెల్ మొహంలో నవ్వు తగ్గింది.

"సరే, తోస్తాం. ఎలా వెళ్తారు?"

"ఆఖరి రౌండులో పైవరసలోకి. గోడ పక్కనుంచి."

చెప్పాడు మహానుభావుడు! ముప్ఫైమంది డ్రైవర్ల జట్లూ ఆ పెట్టెల్లో వింటున్నాయి. ప్రతివాడూ తన డ్రైవరుకి చేరవేశాడు. గోడకి చెవులుంటాయని మనవాళ్లు ఊరికే అనలేదుగానీ, ఇక్కడ గోడే మైకు పట్టుకుని మాట్లాడింది.

పచ్చజెండా లేచింది. బర్ల్ పనిలో పడ్డాడు. "లోపలొకడు, లోపలొకడు, దాటేశావ్." బటను నొక్కుతున్నాననుకుని నొక్కుతున్నాడు, వదిలాననుకుని వదులుతున్నాడు. అంతా ఒకటే అయింది. తొమ్మిది ఏడైంది, ఏడు ఆరైంది. కోల్బీ ఎప్పుడూ లేనంత నింపాదిగా నడుపుతున్నాడు. 

ఆఖరి రౌండు. "ఇప్పుడు! పైకి!" అని అరిచాడు బర్ల్. అరిచి చూస్తే ఏముంది? ముందున్న కార్లన్నీ ఒక్కుమ్మడిగా పైవరసకి జరిగి గోడ పక్కన బారుకట్టి కూర్చున్నాయి. చీమ దూరే సందు లేదు.

కోల్బీ పైకి పోలేదు. కిందికి పోయాడు.

"కిందికి కాదురా! కిందికి పోకు! ఓరి దేవుడా, పోయాడు... ఆ, ఉండుండు... కింద ఖాళీ! ఖాళీరా నాయనా! తొక్కు!"

వెనక పదకొండో నంబరు కారు బంపరుకి బంపరు ఆనించి తోసింది. ఓడెల్ మాట నిలబెట్టుకున్నాడు. రెండు కార్లూ ముందున్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి మింగేసుకుంటూ పోయాయి. ఆఖరి మలుపు తిరిగేసరికి యాభై ఏడే ముందుంది. బర్ల్ రేడియో, టోపీ రెండూ పైకెత్తేశాడు.

అంతలో పదకొండో నంబరువాడు వెనకనుంచి పక్కకి తప్పుకుని, గెలుపు గీత దగ్గర ముక్కు ముందుకి పెట్టి గెలిచేశాడు. కోల్బీ రెండోవాడు.

"ఓరి ద్రోహీ!" అన్నాడు బర్ల్.

"తోస్తానన్నానుగానీ గెలిపిస్తానన్నానా?" అన్నాడు ఓడెల్. తర్వాత బర్ల్ చేతిలోంచి రేడియో తీసుకుని, పంటిపుల్లతో బటనుని పైకి లేపి, మళ్లీ చేతిలో పెట్టాడు. "ఇందాకటి పసుపు జెండానుంచీ నీ మాటలన్నీ గాల్లోకే పోతున్నాయిరా. మొత్తం విన్నారు."

"మొత్తమా?"

"ముల్లంగి దగ్గర్నుంచి కొడుకు దాకా."

బర్ల్‌కి మెట్లు ఎలా దిగాడో గుర్తులేదు. దారిలో ముక్కూమొహం తెలీనివాళ్లు భుజం తట్టారు. ఒక ఆడమనిషి కళ్లొత్తుకుంటూ వేయించిన కోడికాలు చేతిలో పెట్టింది. గ్యారేజీలో కారు పక్కన కోల్బీ నిలబడి ఉన్నాడు, మొహమంతా మసి. ఎదురుగా గ్రిగ్స్‌బీ. నిజం చెప్పాలంటే ఆయన టోపీ పెట్టుకున్న ముల్లంగిలాగే ఉన్నాడు.

"గెలవాలన్నాను. గెలవలేదు," అన్నాడు గ్రిగ్స్‌బీ.

తర్వాత బర్ల్ వైపు తిరిగాడు.

"నన్ను ముల్లంగన్నావు కదా బర్ల్. అదే నోటితో ఈ కుర్రాడి చేతులంత గొప్ప చేతులు లేవన్నావు. నేను రెండో మాట నమ్మి సీటు ఉంచాలా అని ఆలోచిస్తున్నాను. కాబట్టి తేల్చి చెప్పు. ముల్లంగి మాట ఏదో నోరుజారి అన్నావా? నోరుజారిందంటే, ఆ చేతుల మాట కూడా జారిందే అనుకోవాలి నేను."

బర్ల్ అల్లుడి వైపు చూశాడు. క్షమించండి సార్ అనడం ఎంత తేలిక! కానీ అంటే అల్లుడి చేతులూ అబద్ధమే అయిపోతాయి. అననంటే ఉన్న సీటు ఊడినా ఊడుతుంది. పోనీ పొగడ్త ఒక్కటే నిజమందామంటే, అది అల్లుడి మొహం మీదే చెప్పాలి. కోల్బీ తల వంచుకుని హెల్మెట్టు పట్టీతో ఆడుకుంటున్నాడు. 

"రెండూ నిజమే సార్," అన్నాడు బర్ల్. కోడికాలు ఇంకా చేతిలోనే ఉంది. "మీరు ముల్లంగే. వీడంత డ్రైవర్ని నేను చూళ్లేదు."

గ్రిగ్స్‌బీ టోపీ తీసి దాన్ని కాసేపు చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉద్యోగం పోతుందని తెలిసినా అబద్ధం ఆడనివాడే కప్పు మీద ఉండాలి," అన్నాడు. "వచ్చేవారం ఇద్దరూ రండి." ఆయన వెళ్తూ వెళ్తూ తలుపుకున్న అద్దంలో మొహం ఒకసారి చూసుకున్నాడు.

ఇద్దరే మిగిలారు. కోల్బీ దగ్గరికొచ్చి మామ భుజం మీద తల వాల్చేశాడు. వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. మసీ చెమటా అంతా బర్ల్ తెల్లచొక్కాకి అంటుకుంది.

"ఆఖరి మలుపులో కాలు ఎత్తావు," అన్నాడు బర్ల్. 

"ఎత్తాను మామా."

"ఎందుకెత్తావ్ గాడిదా?"

"కళ్లు కనపళ్లేదు మామా. నువ్వన్న మాటకి పసుపు జెండానుంచీ ఏడుస్తూనే ఉన్నాను."

చొక్కా మీద మరక గురించి బర్ల్ ఈసారి ఏమీ అనలేదు.