ఫైనల్ లెసన్‌కు నేను రావద్దన్న పిల్ల

నేనింకా ప్రశ్న అడగనే లేదు, ఏడో తరగతి పిల్లలంతా చేతులెత్తి కూర్చున్నారు. బోర్డు మీద బాష్పీభవనం అని రాస్తుంటే రాసిన అక్షరం రాసినట్టే తడిసి కిందికి కారుతోంది, నేను చీర కొంగుతో తుడుస్తూ, అడిగాక చెప్పండి, అడిగాకే చెప్పండి అని బతిమాలుతున్నాను, వాళ్లేమో వారం నుంచీ నేను బట్టీ పట్టించిన జవాబును వరసగా అప్పజెప్పేస్తున్నారు.

చివరి బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నది రాజమల్లయ్య సార్. బి.ఎడ్ ట్రైనింగుకని నేనీ బడికి వచ్చినప్పుడు తన సైన్సు క్లాసు నాకప్పగించి, మార్కులు వేసే నీ ఫైనల్ లెసన్ నాడు వెనక కూర్చుని చూస్తానని మాటిచ్చిన మనిషి. పోయిన నెల గుండెపోటుతో పోయారు. ఆ సంగతి నాకు గుర్తుంది, అయినా నా భయమంతా ఆయన ఈ పాఠం చూస్తున్నారనే.

"నన్నొకటి అడగనియ్యి బిడ్డా," అని ఆయనా చెయ్యెత్తారు. "ఉతికిన బట్ట ఆరుతది గదా. గా నీళ్లు ఎటు పోతయ్?"

హమ్మయ్య, ఇది మేం నేర్చుకున్న ప్రశ్నే. మీకు తెలుసు కదా సార్ అంటాను. చచ్చాక అన్నీ తెలుస్తాయనేది ఉత్త మాటని ఆయన నవ్వుతారు.

"నాకు తెల్వదు. తెల్వనోనికి చెప్పు."

తెలియని మనిషికి ఏం చెప్పాలో నేను తయారు చేసుకోనే లేదు. ఈలోగా బెంచీలు ఆసుపత్రి మంచాలవుతున్నాయి, పిల్లలు వాటి మీద పడుకుని కూడా చేతులు దించడం లేదు, సార్ మాత్రం తన పక్కన ఖాళీగా ఉన్న చోటును తడుముతూ అక్కడ ఎవరు కూర్చుంటారని అడుగుతున్నారు. కావేరి కూర్చుంటుంది సార్, ఇవాళ జ్వరమొచ్చింది అంటాను.

"ఎవలికి జరం? పిల్లకా, నీకా?"

ఇక దాచకుండా చెప్పేస్తాను. ఎండ లేని రోజు కూడా బట్టలెట్లా ఆరుతాయని కావేరి అడిగింది, నాకు చెప్పడం రాలేదు, కాలేజీ నుంచి మార్కులు వేయడానికి వచ్చే మేడం ముందు మళ్లీ అడుగుతుందేమోనని వరండాలోకి పిలిచి, తల నిమిరి మరీ, రేపు ఇంటి దగ్గరే ఉండమ్మా అన్నాను. అది బుద్ధిగా తలూపింది. చెప్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

సార్ తిట్టరు. తిడితే బాగుండును.

"నా ట్రైనింగుల నేను గూడ ఒకన్ని గట్లనే రావద్దన్న. మంచి మార్కులే వచ్చినయ్. ఇప్పుడు వాడు గీడనే ఎక్కడనో ఉన్నడట, పిలుద్దామంటే పేరు యాదికి వస్తలేదు బిడ్డా."

ఆయన మంచాల మధ్య వంగి వంగి ఒక్కో ముఖం చూస్తూ నడుస్తున్నారు, నేను వెనకే వెళ్లబోతే నేల కుదుపుతోంది, తల కిటికీ ఊచకు ఠంగున కొట్టుకుని మెలకువ వస్తుంది.

బడికి వెళ్లే పొద్దుటి బస్సు, ఇవాళే ఫైనల్ లెసన్. కావేరి వాళ్ల ఊరి స్టేజీలో ఆగింది. కింద, రెండు జడలు మడిచి కట్టుకుని, యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని కావేరి నిలబడి ఉంది. నన్ను చూడగానే గాబరాగా రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను వస్తలేను మేడం. ఊకెనే నిలబడ్డ."

పక్క సీటు మీది చార్టులు ఒళ్లోకి తీసుకుని, కండక్టరును ఆగమన్నాను.