రెండు బర్మాలు

“కిష్టప్పా, తూట్లు కొట్టే కరెంటు బర్మా తెచ్చిన!” అన్నాడు కార్ఖానా యజమాని జనార్దన్ పటేల్.

“బొమ్మ దెచ్చిన్రా పటేలా? ఏ పోరగాండ్లకు?”

బండల కార్ఖానా పగలబడి నవ్వింది. కిష్టప్ప కూడా నవ్వాడు, అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా. తాండూరు బండలకు తూట్లు కొట్టీ కొట్టీ అతని చెవులే బండబారాయి. తెలిస్తే పని పోతుంది. అందుకే వినబడనిదాన్నల్లా వేళాకోళం చేసేవాడు. మస్తు మజాక్‌గాడని పేరొచ్చింది. అంతమంది నవ్వుల్లో అతనొక్కడే ఒంటరి.

ఆ సంగతి ఎరిగింది హన్మమ్మ ఒక్కతే. మొగుడు పోయాక ముప్పావలా కూలికి చేరిన మనిషి. అతను సుత్తె వేస్తుంటే ఆమె ఎదురుగా కూర్చుని ఉలి తిప్పుతుంది, నీళ్లు పోస్తుంది. పగలబోయే ముందు బండ మోత మారుతుంది. వెంటనే ఆమె అతని మోకాలు తడుతుంది, సుత్తె ఆగుతుంది. ఆ తట్టడం చూసి కార్ఖానా వేరే కథలు అల్లుకుంది.

కార్ఖానాకు కరెంటు వచ్చిన ఏడాది అది. వికారాబాదులో కట్టే సత్రానికి నల్లా గొట్టాలు దిగేలా తూట్లు పెట్టిన బండలు కావాలి. పటేలు పరీక్షకు రెండు బర్మాలు తెచ్చాడు. ఒకటి తిరుగుతూ పొడిచేది. చిటికెలో తొలిచింది, బండను అంచుదాకా చీల్చింది. రెండోది తిరుగుతుందే గాని పొడవదు. హన్మమ్మ సన్నధారగా నీళ్లు పోస్తుంటే మెల్లగా, గుండ్రంగా దిగింది. మధ్యలో ఒకసారి ఆమె అతని మోకాలు తట్టింది. కిష్టప్ప చెయ్యి సడలించాడు.

“గీ రెండోదే ఉంచుదం పటేలా,” అన్నాడు కిష్టప్ప.

“సరే,” అంటూ పటేలు అటు తిరిగాడు. “నీళ్లకు మీద డబ్బా కడ్త. రేపటి సంది హన్మమ్మ రావద్దు.”

కిష్టప్ప అలవాటుగా నవ్వాడు. హన్మమ్మ చెంబు బోర్లించి సద్దిమూట అందుకుంది. అతని నవ్వు ఆగింది.

“ఏమన్నడు?”

ఆమె తనను చూపించుకుని, వాకిలి చూపించింది.

కిష్టప్ప ప్లగ్గు ఊడబీకాడు. “గామె లేకుంటే నేన్ మిషన్ ముట్ట.”

“ముసలోనికి మోజు జూడుండ్రి!” తోటి కూలి దేవప్ప అరిచాడు.

“నాకు ఇనబడదు,” అన్నాడు కిష్టప్ప, అందరికీ వినబడేట్టు. “బొమ్మ అన్నది మజాక్ గాదు. నాకు గట్లనే ఇనబడ్డది. ఇన్నేండ్లు మీరు నవ్వినయన్నీ గసుంటియే. బండ పల్గుతదని జెప్పనీకే గామె మోకాలు తడ్తది. సుత్తెకైనా, కరెంటుకైనా, నా చెవులు గామెనే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

పటేలు పెదవులు కదిలాయి. ఏమన్నడన్నట్టు కిష్టప్ప హన్మమ్మ వైపు చూశాడు. ఆమె సద్దిమూట కింద పెట్టి, చెంబు నిండా నీళ్లు ముంచింది.