అమ్మేసిన సామాను మధ్య కాపురం

పరాయి దేశం వెళ్ళిపోదామని మేమిద్దరం అనుకున్న రోజుకి నా చేతిలో ఉన్నవి ఇవి: పాత సామాను కొని అమ్మే ఒక కొట్టు, దాని మీద రెండు అద్దె గదులు, ఆ గదుల్లోకి నేనే ఏరి తెచ్చుకున్న మంచి సామాను, మాట తప్పడన్న పేరు, కొత్తగా పెళ్ళయిన భార్య. భార్యని చివర చెప్పానని తక్కువ చేశాననుకోకండి. బేరంలో అసలు కావలసిన వస్తువుని మేం చివరే అడుగుతాం.

మా ఆవిడది పళ్ళ పని. డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, మైనం చెక్కి, ఎవరి నోటికి తగ్గ కట్టుడు పళ్ళు వాళ్ళకి చేస్తుంది. ఆ చేతిపని ఫొటోల్లో చూసి అక్కడి ల్యాబు వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. భర్తగా నేనూ వెంట వెళ్ళొచ్చు.

"ఇన్నాళ్ళూ నేను సేటుగారి భార్యని. ఇక మీరు పళ్ళావిడ మొగుడు," అంది. సేటు అన్నది తను నాకు పెట్టిన పేరు. నా దగ్గర అంత లేదని తెలిసే పెట్టింది.

చిన్నప్పుడే తల్లి పోతే తను మేనమామ ఇంట్లో పెరిగింది. అక్కడ కుర్చీలో కూర్చోవాలన్నా ముందు అత్తయ్య మొహం చూడాలి. అందుకే తన కోరిక పెద్దదేం కాదు. "ఒక్క గది చాలు. అందులో ఉన్న ప్రతీదీ మనిద్దరం వెళ్ళి తెచ్చుకున్నదై ఉండాలి. ఎవరూ వచ్చి ఇది మాది అనకూడదు." రోజూ సాయంత్రం ఇక్కడి ల్యాబులో పని ముగించుకుని వచ్చి, గోళ్ళలో ఇరుక్కున్న మైనం తీసుకుంటూ, ఆ గదిని మాటల్లో సర్దేది. ఒక రోజు మంచం కిటికీ పక్కన ఉండేది, మర్నాడు తలుపు పక్కకి జరిగేది.

నేను నా పని చూశాను. ఊళ్ళు వదిలి వెళ్ళేవాళ్ళ సామాను కొని బతికినవాణ్ణి. రేపు ప్రయాణమనగా ఇవాళ అమ్మేవాడికి ఏం దక్కుతుందో నాకు తెలుసు. వాళ్ళ తొందరే నా లాభం. ఆ లాభం ఇంకొకడికి ఎందుకివ్వాలి? అందుకని ప్రయాణం కుదరకముందే ఇంట్లో సామానంతా నిదానంగా, మంచి ధరకి అమ్మేశాను. సొమ్ము ఇప్పుడు, సామాను మేం వెళ్ళే రోజున. అదీ షరతు. నిలువుటద్దం ఉన్న టేకు బీరువా వెనక వీధి ట్యూషన్ టీచరు తీసుకుంది. ఫ్రిజ్ టీకొట్టు బాబాయి, మంచమూ బల్లా కుర్చీలూ ఒక బస్సు కండక్టరు.

"ఇంకా వాడుకుంటుండగానే అమ్మేశారా?" అంది మా ఆవిడ.

"వాడుకుంటున్నాం కాబట్టే అంత పలికింది," అన్నాను. నాకు ఆ రోజు చాలా గర్వంగా ఉంది.

తర్వాత మా వీసా కాగితాలు ఆగిపోయాయి. ఒక ఆఫీసు వాళ్ళు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. వారాలు నెలలయ్యాయి. కొన్నవాళ్ళు ఊరికే ఉంటారా? తమ సామాను ఎలా ఉందో చూసుకోవడానికి రావడం మొదలుపెట్టారు.

బాబాయి తిన్నగా వచ్చి ఫ్రిజ్ తెరిచేవాడు. "ఇంత గడ్డ కట్టిందేంటమ్మా? మోటారు ఏం కావాలి?"

"పాలగిన్నె పెట్టుకోవచ్చా బాబాయ్?" అనేది మా ఆవిడ.

"అయ్యో, పెట్టుకో తల్లీ, నేనేమన్నా కాదన్నానా? మూత పెట్టి పెట్టుకో. వాసన పట్టేస్తుంది."

కండక్టరు ఎక్కువ మాట్లాడడు. బల్ల మీద నీళ్ళ మరక కనబడితే మా వంక చూసి, జేబురుమాలుతో తనే తుడిచేవాడు. టీచరు మాత్రం వచ్చిందంటే పాఠమే.

"అమ్మాయ్, ఎడమ తలుపు అలా లాగకు, బందు వదులైపోతుంది."

"అలాగే టీచరుగారూ."

"తడి బట్టలు పెట్టడం లేదు కదా?"

"లేదండీ, ఆరినవే."

"ఈ అద్దం మీద వేలిముద్రలెవరివి?"

"మా సేటుగారివి."

టీచరు కొంగుతో అద్దం తుడిచి, అందులో తనని తాను చూసుకుని, కళ్ళజోడు సవరించుకుని వెళ్ళింది. తలుపు వేసి వచ్చి మా ఆవిడ అంది: "మా మామయ్య ఇంట్లో ఒక్క అత్తయ్యే ఉండేది. మీరు నాకు ముగ్గుర్ని తెచ్చిపెట్టారు."

నేను నవ్వాను. తను నవ్వలేదు. ఆ రోజు నుంచి కుర్చీలో కూర్చోవడం మానేసింది. ఇంటికి తెచ్చుకున్న పని కూడా గోడకి ఆనుకుని, నేల మీదే చేసుకునేది.

ఇంతలో తన కాగితం వచ్చింది. నాది రాలేదు. అక్కడి ల్యాబు వాళ్ళు ఇక ఆగలేమన్నారు. తను వెళ్ళాలి, నేను ఉండాలి.

"మీది ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?" అంది. "ఈ నాలుగు రోజులైనా ఇంట్లో మనదంటూ ఒకటుండాలి. ఆ బీరువా వెనక్కి తీసుకోండి."

టీచరు ఇంటికి వెళ్ళాను. విషయం వినగానే చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేసింది.

"బాబూ, ఇంకేదైనా అడుగు. అది మాత్రం అడక్కు. ఇలా రా."

లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. ఒక గోడ ముందు బీరువా పట్టేంత చోటు ఖాళీగా, ఊడ్చి తుడిచి ఉంది. ఆమె బట్టలన్నీ రెండు అట్టపెట్టెల్లో ఉన్నాయి. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకోసం కొనుక్కున్నది అదొక్కటే. రోజూ ఈ ఖాళీని చూసుకుంటూనే పాఠాలు చెబుతున్నాను."

ధర పెంచాను. ఆమె తల అడ్డంగా ఊపింది. లేచి బయటికి నడిచాను. వెనక్కి పిలిపించుకోవడానికి మేం అలాగే నడుస్తాం. చెప్పులు తొడుక్కోవడానికి ఎంత ఆలస్యం చేయొచ్చో అంతా చేశాను. పిలవలేదు. వంగి ఉండగానే నాకు ఒకటి తట్టింది. మా ఇంట్లో ఒక ఆడమనిషిని, ఈ ఇంట్లో ఒక ఆడమనిషిని ఒకే బీరువాతో ఎదురుచూపుల్లో పెట్టాను. తిరిగి లోపలికెళ్ళి చెప్పాను: "రేపే మనుషుల్ని పంపండి టీచరుగారూ."

బాబాయికీ కండక్టరుకీ అదే మాట చెప్పాను. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ అయింది. మా ఆవిడ వచ్చి, గుమ్మంలో నిలబడి, రెండు గదులూ తేరిపార చూసింది.

"నీ ముగ్గురు అత్తయ్యలూ ఎవరి సామాను వాళ్ళు పట్టుకుపోయారు," అన్నాను.

నవ్వింది. ఆ నవ్వు ఉత్త గోడలకి తగిలి రెండింతలైంది. చాప పరుచుకున్నాం, పెట్టె తిరగేసి దాని మీద తిన్నాం. తలుపు కొట్టేవాళ్ళు లేరు. మా కాపురం మొత్తంలో కాపురంలా గడిచినవి ఆ కొద్ది రోజులే. తర్వాత తను విమానం ఎక్కింది.

అక్కడి గదిని ఫోనులో చూపించింది. ఒక కిటికీ, గోడ వెంట వేడినీళ్ళ గొట్టం, ఉత్త నేల.

"ఏమీ కొనలేదా?"

"ఇద్దరం వెళ్ళి కొనుక్కుందామనుకున్నాం కదా."

నా కాగితం రేపో మాపో వస్తుందని కొట్టు వేరొకరికి అప్పగించాను కానీ మేడగదులు వదల్లేదు. ఒకరోజు తన చేత ఆ గదిని జానలతో కొలిపించి, తన జాన ఎంతో నాకు తెలుసు కాబట్టి, ఇక్కడి నేల మీద గీతలు గీశాను. తను అక్కడ కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడితే నేను ఇక్కడ ఆ మూలే కూర్చునేవాణ్ణి. కాస్త పక్కకి జరిగితే భుజం తగులుతుందనిపించేది. జరిగేవాణ్ణి. గోడ తగిలేది.

అక్కడ చలి ముదిరింది. తనకి దగ్గు పట్టుకుంది. "నేల మీద పడుకోకు, మంచం కొను," అని గట్టిగా చెప్పాను. కొత్తది వద్దంది. పాత సామాను కొట్టుకి వెళ్ళి, నాకు వినబడేలా ఫోను చేతిలో పట్టుకుంది.

కొట్టువాడి భాష నాకు రాదు. గొంతు మాత్రం తెలిసిందే. నా గొంతే అది. "వీడు దిగుతాడు," అన్నాను. "వద్దన్నట్టు మొహం పెట్టు. వెనక్కి తిరిగి గుమ్మం దాకా నడువు. పిలుస్తాడు."

తను నడిచే చప్పుడు కోసం చెవి పెట్టాను. తర్వాత కొట్టువాడు సంతోషంగా ఏదో అన్నాడు.

"ఎంతకి దిగాడు?"

"అడిగింది ఇచ్చేశాను."

"అడిగినంతా?"

"వదిలేసి వెళ్తున్నట్టు నటించమన్నారు. నా వల్ల కాలేదండీ. వదిలేసి రావడం ఒకసారి చేశాను. ఇంక చెయ్యలేను."

"మంచం కోళ్ళు గట్టిగా ఉన్నాయా?" అని మాత్రం అడిగాను.

మర్నాడు పొద్దున్నే చూపించింది. మంచం కిటికీ కింద వేసుకుంది. గోడ వైపు దుప్పటి నలిగి ఉంది. రెండో వైపు మడత కూడా చెదరలేదు.

"ఇటువైపు మీది. నిద్రలో కూడా నేను ఇటు రావడం లేదు," అంది.

ఇక లెక్క చెబుతాను. కొట్టు పోయింది, సామాను పోయింది, నా కాగితం ఇంకా రాలేదు. వచ్చింది ఒక్కటే. నేను అడుగు పెట్టని దేశంలో, నేను ఫోనులో తప్ప చూడని గదిలో, ఒక మంచంలో సగం నా పేరున ఉంది. దీన్ని నష్టమనేవాడికి వ్యాపారం తెలియదు.