అందఱకు నిచ్చిన యనుమతి

ఆషాఢమేఘమాలికానిరుద్ధదినకరకిరణమై మధ్యాహ్నమే మునిమాపువలె మసకబాఱిన యొక దినమున కాకినాడలోని యొకానొక స్త్రీశరణాలయకార్యాలయమున కిటికీ తలుపులు జడివాన పెట్టునకు దడదడలాడుచుండెను. ఆ గదిలో వకుళాదేవి యను మధ్యవయస్కురాలగు నధికారిణి కంప్యూటరు ముందు గూర్చుండి భర్తృహింసాపీడితయై ముందటిదినమున నాశ్రయము గోరివచ్చిన సత్యశ్రీ యను తరుణి గోడు విని వ్రాసికొనుచుండెను. బిడ్డను చంపెదనని బెదరించిన భర్తకు దొరకకుండ నా యిల్లాలు తన నాలుగేండ్ల కూతును ఎచ్చటనో దాచి వచ్చినది. ఆ తావు వానికి దెలిసెనా ఆ పసిదానికి నూఱేండ్లు నిండినట్లే.

"పాపని ఎక్కడుంచావో నాకొక్కదానికే చెప్పమ్మా. కాపలా పెట్టిస్తాను" అని వకుళ లాలనగా నడిగెను.

సత్యశ్రీ పెదవి విప్పబోవునంతలో వకుళ చూపు బల్లపైనున్న మైకుమీద బడెను. దాని చిన్న యెఱ్ఱదీపము వెలుగుచుండెను. ఎవరైన దానిగుండ వినుచున్నప్పుడు దక్క వెలుగని దీప మది. వకుళ దానిని ముట్టనైన లేదు!

"ఉండమ్మా, కాసేపు మాట్లాడకు" అని తెరమీద వెదకగా నప్పుడు మైకును వాడుచున్నవారి పేరు తనది గాదు. ప్రక్కగదిలో నుత్తరములు టైపు చేయు గుమాస్తా కుక్కుటేశ్వరరావుది. అతడు తన బల్లయొద్దనుండియే యీ కంప్యూటరులో బ్రవేశించి పనిచేసికొనుట పరిపాటి. మైకు మాత్రము ఎదుట గూర్చున్నవారికే లోబడు కట్టడి యొకటి మొన్నమొన్నటిదాక నుండెను. ఒకరికి మాట వినబడదు వేఱొకరికి మైకు పలుకదు అని సిబ్బంది నిత్యము నసపెట్టగా విసిగి వేసారిన వకుళయే అందఱ పేర్లను ఎచ్చటనుండియైనను మైకు తెఱవగల శబ్దాధికారపు జట్టులో నొక్కపెట్టున జేర్చి పీడ వదలెనని చేతులు దులుపుకొన్నది. ఏమి వదలుట! ఆ పీడ గోడ యవతల చెవి యొగ్గి కూర్చున్నది.

ఆమె యతని పేరును జట్టునుండి కొట్టివేసెను. దీప మాఱలేదు. ఇకమీద తెఱవబోవువారికే యా నిషేధము గాని యదివఱకే తెఱచి వినుచున్నవానికి గాదని యప్పుడామెకు తెలియవచ్చెను.

"ఏమైందండీ? పాప మా పెద్దమ్మ వాళ్ల..."

వకుళ యొకచేత నామె నోరు మూసి రెండవచేత మైకు తీగను బట్టి ఊడలాగెను. ఎఱ్ఱదీప మాఱిపోయెను. ఊరి పేరు పెదవి దాటలేదు.

అంతలో ప్రక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడయ్యెను. తలుపు తెఱచుకొని కుక్కుటేశ్వరరావు మిక్కిలి వినయముగా లోనికి తొంగిచూచెను.

"మైకు ఆగిపోయినట్టుంది మేడమ్‌గారూ. ఓసారి చూడమంటారా?"

ఆ సంగతి యతని కెవరును చెప్పియుండలేదు. సత్యశ్రీ యతని మొగము చూచుటతోడనే వకుళ చీరకొంగు పట్టుకొని వెనుకకు నక్కెను. "మా ఆయన మేనత్త కొడుకండీ" అని గుసగుసలాడెను.

వకుళ ఊడిన తీగను పిడికిట బిగించి "అక్కర్లేదండీ, మీరు వెళ్లండి" అనెను. అతడు చిఱునవ్వు చెఱుగనీయక గుమ్మమునందే నిలిచియుండెను. వెలుపల వాన యెంత హోరుమని కురియుచున్నను ఆ గదిలో మువ్వురి యూపిరియు వేఱువేఱుగ వినబడుచుండెను.